చివరి షేర్‌లో ఒక పేరు

మా పెళ్ళికి ముందు, అంటే అమ్మా నాన్నలతో ఉన్న రోజుల్లో, మేము మొఘల్‌పురాలో అద్దెకుండేవాళ్ళం. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వంకర గల్లీ, గల్లీ చివర పాత ఇల్లు, ఆ ఇంటినే గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ఇటు మేము, అటు ఖాలమ్మ. గోడవతల ఆవిడ మామిడి చెట్టు. దాని కొమ్మ ఒకటి మావైపు వంగి ఉండేది. కాయలు ఎవరివన్న పేచీ మాత్రం మా రెండిళ్ళ మధ్య ఎన్నడూ రాలేదు. ఇటువైపు రాలినవి మా ఆవకాయలోకి, అటువైపువి ఆవిడ అచార్‌లోకి వెళ్ళేవి. తర్వాత రెండు జాడీలూ గోడమీదుగా అటూ ఇటూ ప్రయాణం చేసేవి.

నాకు గజల్ అంటే ఏమిటో చెప్పింది ఏ యూనివర్సిటీ కాదండీ, ఆ గోడే!

అప్పుడు నేను బి.ఎ. చదువుతున్నాను. గజల్ అంటే రేడియోలో ఎవరో విచారంగా పాడేది అనుకునేదాన్ని. మీలో కూడా చాలామంది అలాగే అనుకుంటూ ఉండవచ్చు. ప్రేమలో ఓడిపోయిన మనిషి, చేతిలో గ్లాసు, వెనకాల సారంగి - సినిమాలు మనకు నేర్పిన గజల్ అది. ఒక సాయంత్రం నేను ఉత్పలమాల గణాలు బట్టీ పడుతుంటే ఖాలమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏంటి బిడ్డా, ఆ తూకాలేంటి?" అంది. చెప్పాను. యతి అంటే ఇది, ప్రాస అంటే ఇది, ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు ఉండాలి అని. ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుని విని, "మీరు రెండో అక్షరం కాడ కలుపుతరు, మేము చివర్ల కలుపుతం. అంతే కదా!" అంది.

నా పంతుళ్ళెవరూ అంత తేలిగ్గా చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. పాఠాలంటే బల్లలూ కుర్చీలూ కావు. ఆవిడ దాలాన్‌లో తఖ్తు మీద కూచుని చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పేది, నేను కింద కూచుని ఈనెలు తీస్తూ వినేదాన్ని.

గజల్‌లో రెండేసి పాదాలు కలిస్తే ఒక షేర్. ఒక్కొక్క పాదాన్ని మిస్రా అంటారు. మొట్టమొదటి షేర్ పేరు మత్లా. గజల్‌కి అది వాకిలి వంటిది. పాట మొత్తం ఏ కట్టుబాటులో నడవబోతుందో అక్కడే తెలిసిపోతుంది. పాదం చివర మార్పు లేకుండా తిరిగి తిరిగి వచ్చే మాట రదీఫ్. దానికి ముందు ఒకే మోతతో మారుతూ వచ్చే మాట కాఫియా. మత్లాలో రెండు పాదాలకీ ఈ రెండూ ఉండాలి. తర్వాతి షేర్లలో రెండో పాదానికి ఉంటే చాలు. పాదాల తూగుకి బహర్ అని పేరు. చివరి షేర్ మక్తా. దాని సంగతి చివరనే చెప్తాను, ఎందుకంటే నా కథంతా అక్కడే ఉంది.

"రాయి చూద్దాం" అంది ఖాలమ్మ. రాయడానికి నాకేముంది? ఇంట్లో అమ్మ పాలు కాస్తోంది. అదే రాశాను:

పొయ్యిపై ఆ పాలగిన్నెకు మూత ఉన్నది
పొంగిపోయే మనసుకేమో రాత ఉన్నది

నవ్వకండి. పందొమ్మిదేళ్ళ పిల్ల రాసింది. కాని సూత్రాలకు సరిపోయిందా లేదా చూడండి. రెండు పాదాల చివరా 'ఉన్నది' వచ్చింది, అది రదీఫ్. దాని ముందు 'మూత', 'రాత' - అవి కాఫియా. ఇక తూగు. 'పొయ్యిపై ఆ', 'పాలగిన్నెకు', 'మూత ఉన్నది' - ఒక్కో ముక్కకీ ఏడేసి మాత్రలు. తకిట తకధిమి అని మూడుసార్లు చెయ్యి వేసుకోండి, సరిగ్గా కూచుంటుంది. ఉర్దూవాళ్ళ బహర్ గురు లఘువుల వరసను బట్టి నడుస్తుంది. తెలుగులో గజల్ రాసేవాళ్ళు ఎక్కువగా ఇలా మాత్రలు లెక్క పెట్టుకుంటారు.

ఖాలమ్మకు నేను అర్థం చెప్పాను. 'రాత' అన్న చోట ఆగి, "రాత అంటే కాగితం మీద రాసేదా, నొసటి మీద రాసేదా?" అని అడిగింది. రెండూ అవుతుందన్నాను. అప్పుడు చూడాలి ఆవిడ మొహం! చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "వాహ్" అంది. ఒకే మాటలో రెండు అర్థాలు దాచి, పైకి కనిపించేది ఒకటి, కవి ఉద్దేశించింది మరొకటి అయితే దాన్ని ఈహామ్ అంటారట. మన శ్లేషకి దగ్గర చుట్టం. నాకు తెలియకుండానే పడిపోయింది. చాలా అలంకారాలు అలా తెలియకుండా పడేవే, పేర్లు తర్వాత పెడతారు.

ఇంకో సూత్రం కూడా ఆ రోజే తెలిసింది. గజల్‌లో ఏ షేర్‌కి ఆ షేర్ స్వతంత్రం. మొదటిది పాల గురించి, రెండోది మామిడిచెట్టు గురించి, మూడోది దేవుడి గురించి ఉండవచ్చు. వాటిని కలిపి ఉంచేది కథ కాదు, ఆ తూగూ, రదీఫూ, కాఫియా మాత్రమే. ఇది విని చాలామంది తెలుగువాళ్ళు ఇదేం కవిత్వం, అతుకుల బొంత అంటారు. కాని మన శతకాలు చూడండి. నూరు పద్యాలు, దేనికదే. ఒకదానిలో మూర్ఖుడు, మరొకదానిలో దాత, ఇంకొకదానిలో ఇల్లాలు. అన్నిటినీ కలిపేది మకుటం. మన లాక్షణికులు ఇలాంటి విడి పద్యాన్ని ముక్తకం అన్నారు. వేమన చదివి పెరిగినవాళ్ళకి గజల్ కొత్తగా అనిపించనక్కర్లేదు. ఆ పాతబస్తీ ఇళ్ళు కూడా అంతే. మధ్యన ఒక వాకిలి, చుట్టూ గదులు. ఒక గదిలో బాలింత, ఇంకో గదిలో ముసలాయన దగ్గు, మరో గదిలో పెళ్ళిమాటలు. ఎవరి లోకం వారిదే, వాకిలి మాత్రం అందరిదీ.

ఈ గజల్ మన ఊరికి ఎలా వచ్చింది? పుట్టింది అరబ్బు నేలలో, పెరిగింది పారశీకంలో. అక్కడి నుంచి దక్కన్ చేరి, ఇక్కడి వీధుల్లో మాట్లాడే దక్కనీ భాష కట్టుకుంది. 1591లో హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా కవి. 1580 నుంచి 1612 దాకా రాజ్యం చేశాడు. వసంతం, వానకారు, పండగలు, ప్రియురాళ్ళు - కంటికి కనిపించినదల్లా కవిత్వంలో పెట్టాడు. ఉర్దూలో ఇంత నిండైన సంపుటం ఉన్న తొలి కవి ఆయనే అంటారు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాని మన తెలుగు కవులు మల్కిభరాముడు చేసేశారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం. తొలి అచ్చతెలుగు కావ్యం, పొన్నిగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర', పటాన్‌చెరువు ఏలిన అమీన్‌ఖాన్‌కి అంకితం. చూశారా? సంస్కృతం ముక్క కలవని తెలుగు కావ్యాన్ని పుచ్చుకున్న చెయ్యి గోల్కొండ కొలువుది! అంటే మా గోడమీద ఆవకాయ జాడీలు తిరగడం కొత్తేమీ కాదన్నమాట. ఆ తర్వాత 1700 ప్రాంతంలో వలీ అనే దక్కనీ కవి ఢిల్లీ వెళ్ళాడు. ఆయన గజళ్ళు విన్నాకే ఢిల్లీ కవులకి, పారశీకం కాకుండా తమ నోటి భాషలోనూ ఇంత కవిత్వం చెప్పవచ్చని నమ్మకం కుదిరింది.

మన కాలంలో దాశరథిగారు 1961లో 'గాలిబ్ గీతాలు' ఇచ్చారు. తెలుగులోనూ గజళ్ళు రాశారు. నారాయణరెడ్డిగారు రాసి, స్వయంగా పాడి ఊరూరా వినిపించారు. మొఘల్‌పురాలో ఉర్దూ ఘర్ అని ఒక భవనం ఉంది, అక్కడ ముషాయిరాలు జరుగుతాయి. కవి మొదటి పాదం చదివి ఆగుతాడు, అదే పాదం మళ్ళీ చదువుతాడు. సభ ఊపిరి బిగబడుతుంది. రెండో పాదంలో కాఫియా వచ్చే క్షణానికి, రాబోయే రదీఫ్ అందరికీ తెలిసిందే గనక, సభ మొత్తం కవితో కలిసి ఆ చివరి మాట పలుకుతుంది. రదీఫ్ ఎందుకు మారదో అప్పుడు బోధపడుతుంది. వినేవాళ్ళకి కూడా కవితలో ఒక మాట మిగల్చడం కోసం.

సరే, ఖాలమ్మ పాఠానికి వద్దాం. రెండో షేర్‌కి నాకు ఏమీ తోచలేదు. "చెట్టును చూడు" అంది. మామిడికొమ్మ మావైపు ఎందుకు వంగింది చెప్పమంది. ఎండ కోసం అన్నాను. "అది బాటనీ. మీ అమ్మ పొద్దుగాల పాడుతది కద, అది వినేటందుకు వంగింది. ఇది షాయరీ" అంది. జరిగే పనికి అసలు కారణం వదిలేసి, అందమైన కారణం కల్పించి చెప్పడం. దాని పేరు హుస్నె తాలీల్. మన అలంకార శాస్త్రంలో హేతూత్ప్రేక్ష అని చదువుకున్నదే. పుస్తకంలో ఆ పేజీ మీద నాకు నిద్ర వచ్చింది గాని, ఖాలమ్మ నోట వింటే ఆ కొమ్మవైపు మళ్ళీ మామూలుగా చూడలేకపోయాను. రాశాను:

మామిడెవ్వరిదైతె ఏమిటి, చూడు తల్లీ
గోడ దాటిన కొమ్మ నిండా పూత ఉన్నది

ఇప్పుడు అసలు సంగతి. ఉర్దూలో క్రియకి లింగం ఉంటుంది. 'వెళ్తున్నాను' అనగానే చెప్పేది ఆడో మగో తెలిసిపోతుంది. గజల్ సంప్రదాయంలో ప్రేమించేవాడూ మగే, ప్రేమ పొందేవారిని కూడా మగవారిగానే చెప్పడం మర్యాద. ఆడవాళ్ళు రాసినా చాలావరకు ఆ వేషం వేసుకునే మాట్లాడాలి. తమాషా ఏమిటంటే, మగకవులు మాత్రం ఆడగొంతుతో హాయిగా రాశారు. కులీ కుతుబ్‌షా రాశాడు, బీజాపూరు హాష్మీ రాశాడు. మన క్షేత్రయ్య పదాలు చాలావరకు నాయికల గొంతులే కదా. ఆడగొంతు మగవాడికి అలంకారం అయింది. ఆడదానికి మాత్రం తన గొంతు తనకే దాచుకోవలసిన వస్తువు అయింది!

ఇలాంటి చోట ఒక స్త్రీ తన పేరు చెప్పుకోవడానికి గజల్‌లో ఒక్క కిటికీ ఉంది. అదే మక్తా. చివరి షేర్‌లో కవి తన కలం పేరును, అంటే తఖల్లుస్‌ని, ఇమిడించి చెప్పడం ఆచారం. మన పదకర్తలు కూడా ముద్ర వేస్తారు గాని, ఎక్కువగా అది దేవుడి పేరు. క్షేత్రయ్యకి మువ్వగోపాలుడు, అన్నమయ్యకి వెంకటేశుడు. గజల్‌లో మాత్రం కవి సొంత పేరు. అంతవరకూ 'ఎవరో ప్రేమికుడు' మాట్లాడాడు. మక్తాలోకి రాగానే ముసుగు తీసి, ఇదంతా చెప్పింది నేను అంటాడు. అంటుంది.

అలా అన్న హైదరాబాదు ఆడపడుచు మహలఖా బాయి. తఖల్లుస్ 'చందా'. 1768లో పుట్టింది. తల్లి రాజ్ కున్వర్. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో నర్తకి, గాయని, మహలఖా అంటే చంద్రముఖి అని ఆయన ఇచ్చిన బిరుదు. గుర్రమెక్కి, విల్లు పట్టి నిజాం వెంట దండయాత్రలకు కూడా వెళ్ళిందట. ఆడిక్‌మెట్ జాగీరు ఆమెదేననీ, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది ఆ నేలమీదనేననీ చెప్తారు. 1798లో తన 125 గజళ్ళు చేర్చి దివాన్ రాయించుకుంది. మరుసటి ఏడు, 1799 అక్టోబరు 1న, ఒక ప్రతిని కెప్టెన్ మాల్కం అనే ఇంగ్లీషు దొరకి బహుమతిగా ఇచ్చింది. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి స్త్రీ ఈమేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పరిశోధకులు లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అనే మరో దక్కనీ కవయిత్రి దివాన్ 1797 నాటిదని చూపించారు. ఒక్క ఏడాది ముందు! ఎవరు మొదట అన్న పందెం నాకు అక్కర్లేదు. ఇద్దరూ మన నేలవాళ్ళే, ఇద్దరూ పేరు పెట్టుకున్నవాళ్ళే. అది చాలు.

చందా గజళ్ళ కట్టడం చూడండి. ఒక్కో గజల్‌కి ఐదేసి షేర్లు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఐదు షేర్లంటే పది పాదాలు. మత్లాలో రెండు, తక్కినవాటిలో ఒక్కొక్కటి చొప్పున ఆరు పాదాలు రదీఫ్‌తో ముగుస్తాయి. అంటే ఐదుసార్లు తలుపు తట్టి, అప్పుడు తన పేరు చెప్తుంది. చివరి షేర్‌లో మౌలా అలీకి మొక్కుకుని, ఆ మొక్కు పక్కనే 'చందా' అని నిలబడుతుంది. రాజుల దయ మీద బతికే నర్తకి, చివరి మాట మాత్రం రాజుకి ఇవ్వలేదు. దేవుడి గడపలో తన పేరు పెట్టుకుంది. నిబంధనలు ఇన్ని ఉన్న ప్రక్రియ ఆమెను కట్టిపడేసిందని నేననుకోను. పేరుకి ఒక చోటు రాసిపెట్టి ఉన్న ప్రక్రియ గనకనే ఆమె దాన్ని ఎంచుకుంది కాబోలు.

ఎందుకంటే, ఆ చోటు లేని కవిత్వం గతి ఏమైందో మనకు తెలుసు. మన ఇళ్ళలో ఎన్ని పాటలు! మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, బతుకమ్మ పాటలు, దంపుళ్ళ పాటలు. ఎవరు కట్టారు? మా అమ్మమ్మకి తెలియదు, వాళ్ళ అమ్మమ్మకీ తెలియదు. ఎవరో ఒక ఇల్లాలు రోటి ముందు కూచుని కట్టింది, పాట మిగిలింది, పేరు పిండిలో కలిసిపోయింది. మొల్ల తన పేరూ తండ్రి పేరూ రామాయణంలో చెప్పుకుంది గనక మిగిలింది. చెప్పుకోనివాళ్ళు ఎంతమందో!

నేను ఖాలమ్మని కూడా అడిగాను, "నువ్వు రాశావా ఎప్పుడైనా?" అని. పాన్‌దాన్ సర్దుకుంటూ నవ్వేసింది. పెళ్ళై నేను ఊరు వదిలి వెళ్ళాక, రెండు నవలలు అచ్చయ్యాక, ఆవిడ పోయిందని కబురు వచ్చింది. పలకరించడానికి వెళ్తే కోడలు ఒక లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. పాలు, బియ్యం, చాకలి పద్దులు. వెనక్కి తిప్పితే గజళ్ళు! చక్కని ఉర్దూ రాత. నేను కూడబలుక్కుంటూ ఉంటే కోడలు చదివి వినిపించింది. ఒకటి, రెండు, పది. పది గజళ్ళకీ మత్లా ఉంది, కాఫియా తప్పలేదు, తూగు చెడలేదు. కాని ఒక్కదానికీ మక్తా లేదు. ప్రతి గజల్ చివరా రెండు పాదాలకి సరిపోయే ఖాళీ వదిలి ఉంది.

ఆవిడకి పద్ధతి తెలియక కాదు. నాకు నేర్పింది ఆవిడే. గల్లీలో అందరికీ ఆవిడ ఫలానావాడి అమ్మ, ఫలానావారి కోడలు, నాకు ఖాలమ్మ. అసలు పేరు నేను ఏనాడూ అడగలేదు. ఇరవై ఏళ్ళు గోడ పక్కన ఉండి, ఆవకాయ తిని, కవిత్వం నేర్చుకుని, పేరు అడగలేదు! ఆ రోజు కోడలిని అడిగాను. చెప్పింది. ఆవిడ తానే ఎక్కడా రాసుకోని పేరు నేను అచ్చులో పెట్టకూడదు గనక ఇక్కడ రాయడం లేదు.

ఈమధ్య మౌలా అలీ గుట్ట కిందికి వెళ్ళాను. మహలఖా తన తల్లి కోసం 1792లో కట్టించిన సమాధి అక్కడ ఉంది. 1824లో తనూ పోయాక తల్లి పక్కనే పడుకుంది. చాలాకాలం పాడుపడి ఉన్న ఆ తోటనూ కట్టడాన్నీ అమెరికా ప్రభుత్వ నిధి సాయంతో 2011 నాటికి బాగుచేశారు. తల్లి, కూతురు, చుట్టూ నాలుగు మడుల తోట. చివరి షేర్‌లో పెట్టుకున్న పేరు రెండువందల ఏళ్ళు నిలబడి నన్ను అక్కడిదాకా నడిపించింది. పేరు పెట్టుకోని ఖాలమ్మ సమాధికి దారి చెప్పే షేర్ మాత్రం ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి, పాత నోటుబుక్కు వెతికి, పందొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టి వదిలేసిన ఆ పాలగిన్నె గజల్‌కి చివరి షేర్ రాశాను. ఆచారం ప్రకారం మక్తాలో నా పేరు రావాలి. రాలేదు. తప్పయితే ముషాయిరా పెద్దలు క్షమించాలి.

పేరు రాయక ఖాలమ్మ నువు వెళ్ళిపోతివి
నేను రాసే ప్రతి పుటకు నీ ఊత ఉన్నది

మీ ఇంట్లో కూడా పద్దుల పుస్తకం ఏదైనా ఉంటే, ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చూసి, రాసినావిడ ఎదురుగా ఉంటే, పేరు అడగండి.